శనివారం మా పాటను నిలబెట్టిన మీ అందరికీ

అందరికీ నమస్కారం.

శనివారం సాయంత్రం బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో మా పాటల కార్యక్రమం జరిగింది. అది జరగడానికి కారణమైన వాళ్లకు ఆ రోజు వేదిక మీద రెండు మాటలే చెప్పగలిగాం. మనసు నిండలేదు. అందుకే ఈ ఉత్తరం.

గురువారం రాత్రి సాధన కోసం పెట్టె తెరిస్తే గిటార్ బ్రిడ్జి (తీగల కింది కొసలను పట్టి ఉంచే చెక్కముక్క) వెనక అంచు పైకి లేచి ఉంది. పోస్టుకార్డు దూరేంత సందు. మధ్యాహ్నమంతా ఎండలో, కారులో వదిలేశాం. తప్పు మాదే. ఉక్కు తీగల గిటార్‌లో ఆరు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బలంతో బ్రిడ్జిని లాగుతూనే ఉంటాయి. వేడికి జిగురు మెత్తబడితే ఇక అది నిలవదు. మాది అకూస్టిక్ రాక్ బృందం: ఒక గిటార్, కహోన్ అనే చెక్కపెట్టె డోలు, రెండు గొంతులు. గిటార్ లేకపోతే మాకు పాటే లేదు.

శుక్రవారం పొద్దున సికింద్రాబాదులో వాద్యాలు బాగుచేసే పెద్దాయన దుకాణం తెరిచేసరికి మేము ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాం. ఆయన గిటార్‌ను వెలుతురులోకి తీసుకెళ్లి, ఆ సందులో పల్చటి కాగితం పెట్టి ఎంత లోపలికి పోతోందో చూశారు. వేడిచేసిన పల్చటి కత్తితో బ్రిడ్జిని మెల్లగా విడదీసి, పాత జిగురంతా గీకి, కొత్తది పూసి, క్లాంపులు బిగించారు. రేపటికి కావాలని ఎంతో బతిమాలాం. "బాబూ, రేపు తీగలు ఎక్కిస్తే ఎల్లుండి మళ్లీ నా దగ్గరికే తెస్తావు. ఆరనివ్వు" అన్నారు. జిగురు ఖర్చు తప్ప పైసా పుచ్చుకోలేదు. అయ్యా, ఆ రోజు మీరు మా తొందరకు లొంగకపోవడమే మాకు మీరు చేసిన పెద్ద మేలు.

మరి శనివారానికి గిటార్? మా ప్రతి కార్యక్రమానికీ వచ్చి ముందు వరుసలో కూర్చునే ఇంజనీరింగ్ కుర్రవాడు ఒకడు, సంగతి తెలిసి, తన గిటార్ పట్టుకుని ఉప్పల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. కొత్త తీగలు సాగి శ్రుతి తప్పుతాయని రాత్రి చాలాసేపు వాటిని లాగుతూ, శ్రుతి చేస్తూ కూర్చున్నాడట. వేళ్ల కొసలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తమ్ముడూ, నీ రుణం తీర్చుకోలేం.

ఆ గిటార్‌కు పికప్, అంటే తీగల స్వరాన్ని నేరుగా స్పీకర్లకు పంపే పరికరం, లేదు. సౌండ్ చూసే అన్న విసుక్కోకుండా మైకును 12వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది లోహపు అడ్డగీత) ఎదురుగా నిలిపారు. గిటార్ మధ్యలోని గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెడితే బరువైన మోత తప్ప తీగల స్వరం స్పష్టంగా రాదు. అంతా కుదిరింది అనుకునేలోగా మూడో పాటకు వాన మొదలైంది. అన్న కరెంటు కట్టేసి, స్పీకర్లపై టార్పాలిన్ కప్పారు. ఇక అందరూ వెళ్లిపోతారనుకున్నాం.

మీరు వెళ్లలేదు. కుర్చీలు ఎత్తుకుని చూరు కిందికి వచ్చి, మా మోకాళ్లకు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. మైకు లేకుండా మిగతా పాటలన్నీ పాడాం. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి చివరి స్వరాన్ని గొంతు విప్పి నిలపవచ్చు. ఆ వాన చప్పుడులో మాకు ఆసరా అయింది ఆ అచ్చులే. సినిమా పాట పాడమని ఒక్కరూ అడగలేదు. సొంత పాటలు రాసుకుని ఊళ్లో తిరిగేవాళ్లకు దాని విలువ తెలుసు. చివరి పాట పల్లవి మీరే అందుకున్నారు. ఇంకా రికార్డు కూడా చేయని పాట అది!

2010 నుంచి మాలాంటి పేరులేని వాళ్లకూ తలుపు తెరిచి ఉంచుతున్న లామకాన్‌కు, వాన తగ్గేదాకా వేడి చాయ్ అందించిన అక్కడివాళ్లకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

మా గిటార్ ఆదివారం ఇంటికి చేరింది. మొదట ఆ తమ్ముడి చేతే వాయింపించాం. చూరు కింద ఎవరిదో వెదురు పిడి ఉన్న నల్ల గొడుగు మిగిలిపోయింది, మా దగ్గర భద్రంగా ఉంది. మీదైతే చెప్పండి, తెచ్చి ఇస్తాం.