రుమ్సూ కబుర్లు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? రెండో శ్లాబ్ పడిందా? మేస్త్రీ ఊరికెళ్ళి ఇంకా రాలేదన్నావు, వచ్చాడా? చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

హిమాచల్‌లో కులూ వెళ్ళొచ్చిన సంగతులు ఫోన్లో చెబితే సగంలో ఆగిపోతాయని కూర్చుని రాస్తున్నా. ఇందులో ఎక్కువ భాగం గోడల గురించే. ఇల్లు కట్టిస్తున్న నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పను?

మేం మనాలీలో దిగలేదు. అక్కడ దిగినవాళ్ళంతా పొద్దున్నే సోలంగ్‌కో, అటల్ టన్నెల్ అవతలికో పరుగెత్తి, చీకటి పడ్డాక ట్రాఫిక్‌లో నలిగి వస్తారు. సెలవంటే అది కాదనిపించింది. ఢిల్లీలో రాత్రి బస్సెక్కి, పొద్దున పత్లీకుహల్‌లో దిగి, బియాస్ నది దాటాం. అవతల నగ్గర్, ఇంకా పైకి వెళ్తే రుమ్సూ అనే పల్లె. అక్కడ ఓ పాత ఇంట్లో పై అంతస్తు గదులు వచ్చినవాళ్ళకి అద్దెకిస్తారు. మేం ఉన్నది అందులోనే.

ఆ ఇంట్లో సిమెంటు లేదు. మట్టి కూడా లేదు. గోడలో ఓ వరస దేవదారు దూలాలు, ఓ వరస రాళ్ళు, మళ్ళీ దూలాలు, అలా కప్పు దాకా. గోడ మూరెడు మందం. లోపలి అంచున ఒక దూలం, బయటి అంచున ఒకటి, రెండూ విడిపోకుండా మధ్యలో అడ్డంగా చిన్న చెక్కముక్కలు, మిగిలిన ఖాళీలో రాళ్ళు. ఈ పద్ధతిని కాఠ్‌కుణి అంటారు. మూల దగ్గరకెళ్ళి నిలబడితే అసలు పనితనం అక్కడుంది. ఈ గోడ దూలం మీద ఆ గోడ దూలం, దాని మీద మళ్ళీ ఇది, వేళ్ళల్లో వేళ్ళు పెట్టి బిగించినట్టు ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. బిగింపుకి చెక్క మేకులే. ఒక మేకు తల బయటికి కనిపిస్తుంటే వేలితో తడిమి చూశాను. గుండ్రంగా అరిగి నున్నగా ఉంది, కానీ పిసరంత కదల్లేదు.

భూమి కదిలినప్పుడు ఈ గోడ బిర్రబిగుసుకుని నిలబడదు. రాళ్ళు కొంచెం సర్దుకుంటాయి, దూలాలు కొంచెం ఊగుతాయి, ఊపు అక్కడే చచ్చిపోతుంది. పైన పలకరాళ్ళ కప్పు బరువు అన్నిటినీ కిందికి అదిమి పట్టుకుంటుంది. 1905 ఏప్రిల్ 4న కాంగ్రా భూకంపం వచ్చింది. ఇరవై వేల మంది దాకా పోయారు. అప్పటికే నాలుగు వందల ఏళ్ళు దాటిన నగ్గర్ కోట ఆ ఊపుకి పడిపోలేదు. అదీ ఇదే పద్ధతిలో కట్టిందే! 1460 ప్రాంతంలో రాజా సిద్ధ్ సింగ్ కట్టించాడంటారు. తర్వాతి రాజొకడు ఒక తుపాకీ తీసుకుని దాన్ని బ్రిటిష్ అధికారికి ఇచ్చేశాడని కూడా చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగా బాధేసింది.

మళ్ళీ మా ఇంటికొస్తా. కింది అంతస్తు ఆవులకి. వాటి ఒంటి వేడి పైకొస్తుంది. మధ్యలో ధాన్యం, పైన మనుషులు, వంట కూడా పైనే. చుట్టూ బయటికి పొడుచుకొచ్చిన చెక్క వరండా. మేం వెళ్ళింది అక్టోబరు చివర్లో కాబట్టి కప్పుల మీదంతా మొక్కజొన్న పొత్తులు ఎండుతున్నాయి. ఆడవాళ్ళు కొండమీంచి గడ్డి మోపులు వీపున వేసుకుని దిగుతున్నారు, చలికాలమంతా పశువులకి అదే మేత. గుమ్మాలు పొట్టివి, తల వంచకుండా లోపలికి పోలేం. కిటికీలు చిన్నవి. రాత్రి బయట చలి కొరికేస్తున్నా గదిలో ఇనప పొయ్యి ఒకసారి రాజేస్తే చాలు, కట్టెలు ఆరిపోయాక కూడా చాలాసేపు వెచ్చగా ఉంది.

తిండి సంగతి చెప్పకపోతే ఊరుకోవు కదా. ఆ ఇంటి పెద్దావిడని అమ్మాజీ అని పిలిచేవాళ్ళం. ఒక సాయంత్రం సిడ్డు చేసింది. గోధుమపిండి పొద్దున్నే కలిపి పొంగనిచ్చింది. కొత్త అక్రోటు పప్పు, గసగసాలు, పచ్చిమిర్చి, కొత్తిమీర కచ్చాపచ్చాగా నూరింది. పిండి అరచేతిలో వెడల్పు చేసి, మధ్యలో ఇది పెట్టి, అర్ధచంద్రంలా మడిచి ఆవిరి మీద ఉడికించింది. దించగానే మధ్యకి విరిచి, ఆ ఆవిరిలోనే గరిటెడు నెయ్యి పోసింది. రెండోది తింటుంటే మూడోది కంచంలో పడింది. "ఖావో బేటా" అంటుందే తప్ప వద్దంటే వినదు. మా ఆవిడ ఎలా చెయ్యాలో రాసుకుంది. నువ్వొస్తే చేసి పెడతాం, ఆ కొత్త అక్రోట్ల రుచి మాత్రం ఇక్కడ రాదు.

నగ్గర్‌లో రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్ ఇల్లు చూశాం. 1928 నుంచి 1947లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. మన వాల్తేరులో పుట్టిన పాత హిందీ సినిమా తార దేవికారాణి ఆయన కోడలు, తెలుసా? నాకు అక్కడే తెలిసింది.

ఒక్క విషయం మాత్రం మనసులో కెలుకుతోంది. ఊళ్ళో కొత్తగా లేస్తున్నవన్నీ సిమెంటు ఇళ్ళు, రేకుల కప్పులు. వాళ్ళని తప్పుపట్టలేం. దేవదారు కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, కలప ఖరీదు, ఈ పని తెలిసిన వడ్రంగులు తగ్గిపోతున్నారు. మా ఇంటాయన చెప్పాడు, గదుల అద్దె వస్తోంది కాబట్టే కప్పు పలకలు మార్పించగలిగాడట. లేకపోతే ఆయనా కూలగొట్టేవాడేనట. అందుకే చెప్తున్నా, అటు వెళ్ళినప్పుడు గాజు కిటికీల హోటల్లో కాదు, ఇలాంటి ఇంట్లోనే దిగు. మనమిచ్చే డబ్బు తిన్నగా ఆ గోడలకి చేరుతుంది.

వెళ్తే ఏప్రిల్, మే, లేదంటే దసరా అయ్యాక. జులై, ఆగస్టుల్లో వద్దేవద్దు. 2023 జులైలో బియాస్ పొంగి ఆ లోయలో రోడ్లన్నీ ఎలా కొట్టుకుపోయాయో టీవీలో చూశాం కదా. అమ్మ మోకాళ్ళ గురించి కూడా ఆలోచించాను. రుమ్సూ దాకా బండి వెళ్తుంది కానీ ఊళ్ళో అంతా మెట్లే, ఇంట్లో మెట్లు మరీ నిటారు. అమ్మకి నగ్గర్ కోటలోనే గది తీసుకుందాం. 1978 నుంచి హిమాచల్ పర్యాటక సంస్థ దాన్ని హోటల్‌గా నడుపుతూ వచ్చింది, గదులిస్తున్నారో లేదో ముందు నేను కనుక్కుంటా. వరండాలో కూర్చుంటే లోయంతా కనిపిస్తుంది, ఆవిడకి కాలక్షేపం.

గృహప్రవేశం ముహూర్తం ఎప్పుడో ముందే చెప్పు, సెలవు పెట్టుకోవాలి. అది అయ్యాక వచ్చే ఏప్రిల్‌కి టికెట్లు చూస్తాను. పిల్లల పరీక్షలు ఎప్పటికి అయిపోతాయో చెల్లెమ్మని అడిగి ఫోన్ చెయ్యి.

నీ
వేణు