రమ్మీని రమ్మీ అనే రాయండి

సంపాదకులకు,

ఆన్‌లైన్ గేమ్‌లు కుటుంబాలను కూలుస్తున్నాయంటూ ఈ మధ్య మీరు వేసిన కథనం చదివాను. అందులో ఉన్నవన్నీ పేకాట అప్పుల సంగతులే. వాటి మీద నాకు మీతో పేచీ లేదు. మా బంధువుల్లోనే ఒక కుర్రవాడు ఫోనులో రమ్మీ ఆడి, తల్లి మెడలోని గొలుసు దాకా తెచ్చాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు నిషేధించినప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు సంతోషించింది నేనే. నా అభ్యంతరం శీర్షిక మీద. ‘ఆన్‌లైన్ గేమ్’ అన్న మాటను మీరు పూర్తిగా జూదానికే రాసిచ్చేశారు. నాకు యాభై దాటాయి, కాకినాడలో ఉంటాను. ఒకప్పుడు నేనూ ఆన్‌లైన్ గేమ్ ఆడినదాన్నే. మొన్న సంక్రాంతి నుంచి మళ్లీ ఆడుతున్నాను.

2000లో పెళ్లయి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు కాపురానికి వెళ్లాను. మావారిది ఉద్యోగ వీసా, నాది హెచ్-4. ఆ వీసా మీద అప్పట్లో భార్యలు ఉద్యోగం చేయకూడదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, కారు నడపడం రాక, కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు మావారు తనకోసమని ఒక గేమ్ సీడీ తెచ్చుకున్నారు. పేరు ఆషెరాన్స్ కాల్, ఇంటర్నెట్ మీద ఎంతోమంది ఒకే ఊహాలోకంలో కలిసి ఆడే ఆట. టర్బైన్ అనే అమెరికా కంపెనీ తయారు చేసింది, 1999 నవంబరులో మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. నెల చందా 9 డాలర్ల 95 సెంట్లు. ఆయన రెండు వారాలు ఆడి వదిలేశారు. చందా వృథా అవుతుందని నేను మొదలుపెట్టాను. ఇలా చెబితే ఇప్పటికీ ఆయన నవ్వుతారు.

ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను లైను. ఇంటర్నెట్ కూడా దాని మీదే. నేను డెరెత్ అనే ఆ ఊహాలోకంలో తిరుగుతున్నంతసేపూ మా నాన్నగారు ఐఎస్‌డీ బూత్‌లో నిలబడి ఎంగేజ్ శబ్దం వింటూ ఉండేవారు. “అంతసేపు ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?” అని అడిగితే ఏం చెప్పాలి? కొండల మీద రాక్షసులతో పోట్లాడుతున్నానని చెప్పలేక, స్నేహితురాలు అని బొంకేదాన్ని. అది మరీ అబద్ధమూ కాదు, ఆ సంగతి తరవాత చెబుతాను.

ఆ ఆటలో మంత్రాలు ఊరికే రావు. గంధకం, పాదరసం, ఇంగిలీకం, సాంబ్రాణి, కుంకుమపువ్వు, రంగురంగుల వత్తులు, వీటిలో సరైనవాటిని ఎంచి కలిపి చూసుకోవాలి. తప్పితే సరుకు బూడిద. కెమిస్ట్రీ చదివిన ఆడపిల్లకు అంతకంటే ఏం కావాలి? కిరాణా లెక్కల పుస్తకంలో వెనక పేజీల నుంచి సూత్రాలు రాసుకుంటూ వచ్చాను. ఇంకో చమత్కారం ఉంది. ఒక మంత్రాన్ని ఎంత ఎక్కువమంది వాడితే దాని బలం అంత తగ్గేది. మంత్రం పదిమందికీ చెబితే పని చేయదని మా నాయనమ్మ తేలుమంత్రం గురించి అనేది. ఆ ముక్క అమెరికా ప్రోగ్రామర్లకు ఎవరు చెప్పారో నాకు అంతు చిక్కలేదు.

ఆటలో మరొకరికి సామంతులుగా చేరవచ్చు. మన సంపాదన తరగకుండానే, ఆటలో మనకొచ్చే అనుభవం పాయింట్లలో కొంత పై వారి ఖాతాలోకి చేరుతుంది. అందుకని వాళ్లు మనల్ని కాపాడుకుంటారు, కవచాలిస్తారు, దారి చూపిస్తారు. నేను ఒహాయోలో ఉండే ఒక రిటైరైన టీచరమ్మకు సామంతురాలిని. ఆవిడను ఎప్పుడూ చూడలేదు, గొంతు వినలేదు. నేను చచ్చిపడిన చోట నా వస్తువుల కోసం అర్ధరాత్రి నాతోపాటు వెతికేది. నాకు జ్వరమొస్తే ఏం తినాలో చెప్పింది కూడా ఆవిడే. నాన్నగారికి నేను చెప్పిన స్నేహితురాలు ఆవిడ.

ఆటలో నెలనెలా కథ ముందుకు నడిచేది. సీరియల్ కోసం వారపత్రికకు ఎదురు చూసినట్టు ఎదురు చూసేవాళ్లం. 2000లోనే ఒక గొప్ప సంగతి జరిగింది. బేల్ జారాన్ అనే దుష్టుడు కొన్ని స్ఫటికాల బంధనంలో ఉన్నాడు. వాటిని ఆటగాళ్లు పగలగొడితే వాడు బయటపడాలి, కథ సాగాలి. ఒకే ఆటను కంపెనీ కంప్యూటర్ల మీద విడివిడి లోకాలుగా నడిపేవారు, వాటినే సర్వర్లు అంటారు. మిగతా అన్ని సర్వర్లలోనూ పగలగొట్టారు. మా సర్వర్ థిసిల్‌డౌన్‌లో మాత్రం కొందరు చివరి స్ఫటికానికి అడ్డంగా నిలబడ్డారు. వంతులు వేసుకుని రాత్రింబవళ్లు కాపలా కాశారు. ఆ స్ఫటికం తనను తాకినవాళ్లను చంపి బలం పుంజుకునేది కాబట్టి, దాన్ని గట్టిపరచడానికి కావాలని దాని చేతిలో చచ్చారు కూడా. కథ రాసినవాళ్లకే కథ సాగలేదు. ఆఖరికి కంపెనీ ఉద్యోగులే పాత్రలై ఆటలోకి దిగి, కాపలావాళ్లను ఓడించి ఆ స్ఫటికాన్ని పగలగొట్టాల్సి వచ్చింది. తరవాత ఆ వీరులకు ఆటలోనే స్మారకం కట్టారు. మన పల్లెల్లో వీరగల్లులు ఉండవూ, అలాంటిదే. నేను ఆ కాపలాలో లేను, నా శక్తి చాలదు. వార్తలు మాత్రం టీచరమ్మ పూసగుచ్చినట్టు చెప్పేది.

2003లో ఇండియాకు వచ్చేశాం. పిల్లవాడు, అత్తగారి అనారోగ్యం, ట్యూషన్లు. ఆటతోపాటు ఆవిడ కూడా జారిపోయింది. 2014లో నెల చందా ఎత్తేశారని, సర్వర్ ప్రోగ్రాం ఆటగాళ్లకే ఇస్తామన్నారని, చివరికి ఇవ్వకుండానే 2017 జనవరి 31న మూసేశారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మూసివేత ప్రకటించాక మిగిలిన కొద్ది వారాల్లో కొందరు ఆటగాళ్లు తమ కంప్యూటర్‌కూ సర్వర్‌కూ మధ్య నడిచే సమాచారాన్నంతా రికార్డు చేసి దాచారు. ఏ కొండ మీద ఏ జంతువు నిలబడేదో, ఏ దుకాణదారు ఏం మాట్లాడేవాడో ఆ రికార్డుల్లో చూసుకుంటూ, సర్వర్‌ను మళ్లీ మొదటినుంచీ రాశారు.

పండక్కి వచ్చిన మా అబ్బాయి దాన్ని నా కంప్యూటర్‌లో పెట్టాడు. ఆటలోని హోల్ట్‌బర్గ్ ఊళ్లో దిగాను. అవే ఇళ్లు, అదే గడ్డి, చచ్చినవాళ్లు తిరిగి లేచే అదే రాయి. నా పాత పాత్ర మాత్రం లేదు, అది సర్వర్‌తోనే పోయింది. ఒకటో మెట్టు నుంచి మొదలు. పది నిమిషాల్లో డ్రడ్జ్ అనే అల్పజీవి చేతిలో చచ్చాను. మా అబ్బాయి పడీపడీ నవ్వాడు. అటక మీది ట్రంకు పెట్టెలోంచి కిరాణా పుస్తకం దించాను కానీ పనికిరాలేదు. నేను వదిలేశాక మంత్రాల పద్ధతిని తేలిక చేసేశారు. ఊళ్లో మొత్తం ముగ్గురున్నారు. వాళ్లలో ఒకతను ఏమీ అడక్కుండానే నా ముందు ఒక కవచం పడేసి వెళ్లిపోయాడు. టీచరమ్మ పేరు వెతికాను. ఆట మూసిన రాత్రి ఆవిడ అక్కడ ఉందో లేదో, అసలు ఉందో లేదో.

ఆట హక్కులు కంపెనీవి కాబట్టి, ఇదంతా చట్టం కళ్లు మూసుకుంటే సాగే వ్యవహారం. అమెరికాలో 2018 నుంచి గ్రంథాలయాలు, మ్యూజియంలు మూతపడ్డ ఆన్‌లైన్ ఆటను తమ ప్రాంగణంలో భద్రపరచవచ్చు. అయితే సర్వర్ ప్రోగ్రాం న్యాయంగా వాళ్ల చేతికి రావాలి. ఇచ్చేదెవరు? ‘ది క్రూ’ అనే ఆటను 2024లో ఆపేసిన తరవాత, యూరప్‌లో అమ్మిన ఆటను కొన్నవాళ్లు ఆడుకునే దారి లేకుండా మూసెయ్యకూడదని 10 లక్షలమందికి పైగా సంతకాలు చేశారు. ఇక్కడ ఆ మాట ఎత్తినవాళ్లు నాకు కనబడలేదు. పేకాట సంగతి తేలాక అయినా ఎవరైనా ఎత్తుతారేమోనని ఆశ.

ఈలోగా మీరు చేయగలిగిన చిన్న సాయం ఒకటుంది. ఈసారి రమ్మీ గురించి రాసేటప్పుడు శీర్షికలో రమ్మీ అనే వేయండి. మావారు పొద్దున్నే మీ పత్రిక పైకి చదివి వినిపించి, “నీ గురించే రాశారు” అంటున్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కాకినాడ