ప నోరు తెరుచుకుని ఉంటుందని చూపించిన టీచర్ గారికి

మా అమ్మాయికి అక్షరాలు దిద్దించి చదువు దారిలో పెట్టిన టీచర్ గారి గురించి ఇది. పేరు రాయొద్దని ఆవిడే అన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే తన గురించేనని ఆవిడకి తెలిసిపోతుంది. ఎదురుగా కూర్చుని థాంక్స్ చెప్పడం నాకు చేతకాలేదు. రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ వచ్చే నెల టైమింగ్స్ గురించి మాట్లాడి వచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదో ఏడు నడుస్తోంది. కథ చెబితే ఒక్క ముక్క పొల్లుపోకుండా తిరిగి చెప్పగలదు. పుస్తకం తెరిస్తే మాత్రం 'పని' కాస్తా 'వని' అయ్యేది. 'మాట' దగ్గర ఆగిపోయి, అది మ నా, వు నా, య నా అని మా మొహాల్లో వెతుక్కునేది. ఇంగ్లిష్‌లో చిన్న బీ (b), చిన్న డీ (d) సంగతి చెప్పక్కర్లేదు. నిన్న చదివిన పదమే ఇవాళ మళ్లీ కొత్తది. దీన్ని నేను అశ్రద్ధ అనుకున్నాను. ఒకరోజు కోపం పట్టలేక ప వందసార్లు, వ వందసార్లు రాయమని కూర్చోబెట్టాను. పాపం రాసింది. అరవై దాటాక ఎక్కడో ప కాస్తా వ గా మారిపోయి, చివరిదాకా అలాగే వెళ్లిపోయింది. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆ రోజు నేను అరిచిన మాటలు మాత్రం ఇక్కడ రాయను.

తర్వాత ఎవరో చెబితే ఒకచోటికి వెళ్లాం. రంగు అద్దాల కళ్లజోడు పెట్టుకుంటే అక్షరాలు కదలకుండా కుదురుగా నిలబడతాయన్నారు. కొన్నాం. పిల్ల వారం రోజులు అవి పెట్టుకుని సినిమా హీరోయిన్‌లా తిరిగింది. చదువు ఉన్నచోటే ఉంది.

దారి చూపించింది క్లాస్ టీచర్ గారు. "ఇది బద్ధకం కాదండీ, ముందు కళ్లూ చెవులూ చెక్ చేయించి, ఆ తర్వాత అసెస్‌మెంట్ చేయించండి" అన్నారు. నిజానికి బద్ధకం కాదని నా భార్య ఏడాదిగా మొత్తుకుంటూనే ఉంది, నేనే వినలేదు. చూపు బాగుంది, వినికిడి బాగుంది. అసెస్‌మెంట్‌లో డిస్లెక్సియా అని తేలింది, అంటే తెలివికి లోటు లేకపోయినా అక్షరాలు చదవడం, రాయడం దగ్గర వచ్చే ఇబ్బంది.

ఇలాంటి పిల్లలకి విడిగా నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే నేను పేరు రాయని ఆ టీచర్ గారి దగ్గరికి మొదటిరోజు రెండు చేతుల నిండా సామాను మోసుకెళ్లాను. ఒక చేతిలో ఆ కళ్లజోడు, ఇంకో చేతిలో 'రెండు బొమ్మల మధ్య తేడాలు కనుక్కోండి' పుస్తకాలు అరడజను. కళ్లజోడు చూసి ఆవిడ విసుక్కోలేదు. డిస్లెక్సియాకి రంగు అద్దాలూ కంటి వ్యాయామాలూ పనిచేస్తాయనడానికి సరైన ఆధారాలు లేవని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, కంటి డాక్టర్ల సంఘాలు కలిసి 2009లోనే ప్రకటించాయని చెప్పారు. కష్టం కంటిలో లేదట. అక్షరాన్ని దాని శబ్దంతో ముడివేసే దగ్గర ఉందట. పుస్తకాలు తిరగేసి నవ్వారు. "ఆడుకోనివ్వండి, తప్పులేదు. కానీ బొమ్మల్లో తేడాలు పట్టడం ప్రాక్టీస్ చేస్తే బొమ్మల్లో తేడాలు పట్టడమే వస్తుంది. అక్షరాల తేడా తెలియాలంటే అక్షరాలతోనే కూర్చోవాలి, నోటితో పలుకుతూ కూర్చోవాలి." నా చేతుల్లో సామాను పని అక్కడితో అయిపోయింది.

ఆ తర్వాత ఆవిడ చేసింది చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. రోజుకి పది నిమిషాలు, ఒక్క ప. వ ఎక్కడా కనబడకూడదు. ట్రేలో ఇసుక పోసి వేలితో దిద్దించేవారు, దిద్దుతున్నంతసేపూ "ప" అని పైకి అనాలి. తర్వాత చెయ్యి మొత్తం భుజం నుంచి కదిలేలా గాలిలో పెద్దగా రాయించేవారు. ఆ తర్వాత పిల్ల కళ్లు మూసుకుంటే వీపు మీద అక్షరం గీసి ఏమిటో చెప్పమనేవారు. "దీని తల మీద చూడమ్మా, మూత ఉందా లేదా?" అని అడిగితే మా పిల్ల కాసేపు చూసి, "లేదు, పక్షిపిల్లలా నోరు తెరుచుకుని ఉంది" అంది. అంతే, ఆ రోజు నుంచి మా ఇంట్లో ప అంటే పక్షిపిల్ల.

నాలుగో రోజు నాకు తొందర పుట్టింది. ప వచ్చేసింది కదా అని ఇంట్లో పక్కనే వ కూడా రాసి చూపించాను. దెబ్బకి రెండూ కలిసిపోయాయి, మళ్లీ మొదటికొచ్చాం. టీచర్ గారికి చెబితే, "మీకు తొందరగా ఉంటే మీరు ఇంటికెళ్లండి, పాప ఇక్కడే ఉంటుంది" అన్నారు. ఒకేలా ఉండే రెండు అక్షరాలు ఒకేసారి నేర్పకూడదని, ఒకటి బాగా కుదురుకున్నాకే రెండోది తేవాలని అప్పుడు బుర్రకెక్కింది.

పన్నెండో రోజుకి వ వచ్చింది. తర్వాత రెండూ పక్కపక్కన. మొదట చదవమనలేదు. అట్టముక్కలు కలిపేసి, మూత ఉన్నవి ఇటు, లేనివి అటు వెయ్యమన్నారు. తర్వాత వరసగా ఐదు వ లు, మధ్యలో ఒక్క ప, ఏది వేరో చూపించమన్నారు. ఆ తర్వాతే పదాలు. మొదట్లో ప నోటి దగ్గర ఎర్ర రంగు పూసి ఉండేది. వారం వారం ఆ ఎరుపు పలచబడుతూ చివరికి మామూలు నల్లక్షరం మిగిలింది. రంగు అలాగే ఉంచేస్తే పిల్లలు రంగునే చూస్తారట, అక్షరాన్ని చూడరట.

ర పొట్టలో చుక్క పెడితే ఠ. థ కి చుక్క ఉంది, ధ కి లేదు. గుడికీ గుడి దీర్ఘానికీ తేడా చిన్న మెలిక. నలభై ఏళ్లుగా చదువుతున్న నేను ఈ అక్షరాలను ఎప్పుడూ ఇంత దగ్గర నుంచి చూడలేదు.

బీ, డీ గురించి కూడా నా భయం పోగొట్టారు. పిల్లి అటు తిరిగినా పిల్లే, ఇటు తిరిగినా పిల్లే. కళ్లు తెరిచిన రోజు నుంచీ మెదడు నేర్చుకున్నది అదే. ఒక్క అక్షరాల దగ్గర మాత్రం అటు తిరిగితే ఒకటి, ఇటు తిరిగితే ఇంకొకటి. అందుకే ఏడేళ్ల వరకూ చాలామంది పిల్లలు తిరగేసి రాస్తారు, అది ఒక్కటే చూసి డిస్లెక్సియా అనేయకూడదు. 1920ల్లో శామ్యూల్ ఆర్టన్ అనే అమెరికన్ డాక్టరు ఈ తిరగబడే అక్షరాలనే అసలు సమస్య అనుకున్నాడట. ఆ తర్వాతి పరిశోధనలు శబ్దం వైపు తిరిగాయి. కానీ చూస్తూ, వింటూ, చేత్తో దిద్దుతూ నేర్పే పద్ధతి ఆయన కాలం నుంచి వచ్చిందేనట. అంటే కారణం దగ్గర పొరబడినా మందు దగ్గర దారి దొరికిందన్నమాట. (ఇది నా మాట, టీచర్ గారిది కాదు.)

క్లాస్ టీచర్ గారికి ఇంకో నమస్కారం. బోర్డు మీద నుంచి కాపీ చేయించడం మాని ప్రింట్ తీసి ఇస్తున్నారు, అదీ అక్షరాల మధ్య ఎడం పెంచి. 2012లో ఇటాలియన్, ఫ్రెంచ్ పిల్లల మీద చేసిన పరిశోధనలో ఇలా ఎడం పెంచితే డిస్లెక్సియా ఉన్న పిల్లలు తప్పులు తగ్గించుకుని, వేగంగా కూడా చదివారని స్పెషల్ ఎడ్యుకేటర్ గారు చెప్పగానే క్లాస్ టీచర్ గారు మర్నాటి నుంచే మొదలుపెట్టారు. క్లాసులో అందరి ముందూ లేపి చదివించడం కూడా మానేశారు. డిక్టేషన్ ఉన్న రోజు పొద్దున్నే వచ్చే కడుపునొప్పి దాంతో పోయింది.

అట్టముక్కలన్నీ కత్తిరించింది మా పెద్దాడు. రాత్రిపూట కథలు చదివి వినిపించే డ్యూటీ మా అత్తయ్యగారిది. పిల్లకి చదవడం రాకపోయినా పుస్తకం మీద మోజు పోకుండా కాపాడింది ఆవిడే. ఇక మొదటి నెలలో బయట బెంచీ మీద పరిచయమైన ఒక తల్లి, "మాకు రెండేళ్లు పట్టిందండీ" అన్నారు. ఆ మాట విని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఆవిడకీ థాంక్స్. ఎవరైనా మూడు నెలలని చెప్పుంటే నాలుగో నెలలో నేను మళ్లీ అరిచేవాణ్ణి.

పద్నాలుగు నెలలైంది. అంతా అయిపోయిందని చెప్పను. మెల్లగా చదువుతుంది, వత్తులు ఇంకా ఏడిపిస్తున్నాయి, అలసిపోయిన రోజు బీ, డీ మళ్లీ కలిసిపోతాయి. కానీ ప, వ ల దగ్గర ఇప్పుడు ఆగడం లేదు.

మొన్న ఆదివారం కొనాల్సినవి ఒక చీటీ మీద రాసి పెట్టాను. నా దస్తూరీ ఎప్పుడూ గొలుసుకట్టే. పిల్ల వచ్చి 'మందులు' అన్న చోట వేలు పెట్టింది.

"నాన్నా, ఇది మ నా, వు నా? కొమ్ము ఎటు పోయిందో చూడు."

మ నే అన్నాను. ఒప్పుకోలేదు. లోపలికెళ్లి ఇసుక ట్రే తెచ్చి నా ముందు పెట్టింది. "పదిసార్లు దిద్దు. పైకి అంటూ దిద్దాలి."

"మ" అంటూ దిద్దాను.