డిస్కౌంట్ బోర్డు సరే, ఫార్మసిస్ట్ ఉన్నారా?

సంపాదకుడు గారికి,

విజయవాడలో ఏ వీధికి వెళ్లినా మందుల షాపుల ముందు డిస్కౌంట్ బోర్డులే. లోపల ఫార్మసిస్ట్ ఉన్నారా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. సత్యనారాయణపురంలో చిన్న మెడికల్ షాపు నడిపే ఫార్మసిస్టుగా ఈ లేఖ రాస్తున్నాను.

2013 ధరల నియంత్రణ ఉత్తర్వు రిటైలర్‌కు లెక్కగట్టే మార్జిన్ 16 శాతం. అద్దె, కరెంటు, జీతాలు అందులోంచే రావాలి. టోకున కొనే పెద్ద కంపెనీలతో పోటీపడి ధర తగ్గించే చిన్న షాపు ముందుగా వదులుకునేది ఫార్మసిస్టునే. సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది, మందు ఇచ్చేది ఇంకెవరో. డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టేనని 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

ఫార్మసిస్ట్ లేకపోతే ఏమవుతుంది? సూర్యారావుపేటలో ఇద్దరు డాక్టర్లకు చూపించుకున్న ఒక పెద్దావిడ రెండు చీటీలతో మా షాపుకు వచ్చారు. కళ్లు తిరుగుతున్నాయని గోడ పట్టుకుని నిలబడ్డారు. చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండింట్లోనూ టెల్మీసార్టానే, బ్రాండ్ పేర్లు వేరు. "అమ్మా, రెండూ ఒకటే బీపీ మందు" అని చెప్పి డాక్టరుకు ఫోన్ చేస్తే ఒకటి ఆపేయమన్నారు. అమ్మకం ఒక స్ట్రిప్పు తగ్గింది. ఫార్మసిస్ట్ అక్కడ ఉండాల్సింది అందుకే.

జ్వరమంటూ సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ రెండు మాత్రలు ఇవ్వమనేవాళ్లు రోజూ వస్తారు. అది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ ఉండాలి, డాక్టరు, రోగి వివరాలు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. నేను కాదంటే పక్క షాపుకు వెళ్తారు. అక్కడా కాదనే ఫార్మసిస్ట్ ఉంటేనే నేను కాదన్నందుకు ఫలితం.

ఔషధ నియంత్రణ అధికారులు స్టాకు, బిల్లులతో సరిపెట్టకుండా సాయంత్రం రద్దీ వేళ వచ్చి కౌంటర్‌లో ఎవరున్నారో చూడాలి. రోగికి మందుల గురించి వివరించడం మా బాధ్యతేనని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. చేస్తాం. బీపీ, షుగర్ రోగులు, టీబీ మందులు వాడేవాళ్లు కోర్సు మధ్యలో మానకుండా చూసే పని కూడా ప్రభుత్వం మాకు అప్పగించవచ్చు. దానికి కొంత ఫీజు ఇస్తే, డిస్కౌంట్ ఇవ్వలేని చిన్న షాపు కూడా ఫార్మసిస్టును పెట్టుకోగలుగుతుంది.

పాఠకులు కూడా ఈసారి మందులు కొన్నప్పుడు "ఫార్మసిస్ట్ ఎవరండీ?" అని అడగండి.

- ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్,
సత్యనారాయణపురం, విజయవాడ