పెనెడో కబుర్లు

సావో పావ్లో

ఒరేయ్ రమణా,

నీ మెసేజ్‌లకి ముక్కలు ముక్కలుగా జవాబివ్వడం నా వల్ల కాదురా, అందుకే ఈ ఉత్తరం. బ్రెజిల్‌లో ఫుట్‌బాల్, కార్నివాల్ తప్ప ఇంకేముందని ఎగతాళి చేశావుగా. పోయిన వారం పెనెడో వెళ్ళొచ్చాం. ఇక్కణ్ణుంచి రియో వెళ్ళే హైవే దిగి కాస్త కొండల వైపు తిరిగితే వచ్చేస్తుంది. ఫిన్లాండ్ వాళ్ళు పెట్టుకున్న ఊరది!

టోయివో ఊస్కల్లియో అని ఒకాయన, దేవుడు పిలిచాడంటూ కొంతమందిని వెంటబెట్టుకుని వచ్చి, 1929లో అక్కడ ఒక పాత కాఫీ ఎస్టేటు కొన్నాడు. మాంసం ముట్టకూడదు, మందు తాగకూడదు, ఒళ్ళొంచి పండించుకున్నదే తినాలి. మీ నాన్నగారు వింటే ఆ రోజే టికెట్ కొనేసేవారు. తీరా చూస్తే ఆ నేల సారమంతా కాఫీ తోటలు ఎప్పుడో పీల్చేశాయి. పంటలు గిట్టుబాటు కాలేదు, చాలామంది విసిగిపోయి తలో దిక్కూ వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు ఊరికొచ్చిన వాళ్ళకి ఇళ్ళలో గదులిచ్చి, భోజనం పెట్టి, సౌనాలో ఆవిరి పట్టించి నెట్టుకొచ్చారు. స్వర్గం కడదామని వచ్చి లాడ్జీలు పెట్టుకున్నారన్నమాట! నాకైతే ఆయన సిద్ధాంతం కంటే వీళ్ళ బతకనేర్చినతనమే నచ్చింది.

సౌనా అంటే చిన్న చెక్క గది. కాలిన రాళ్ళ మీద చెంబెడు నీళ్ళు పోస్తే చుయ్‌మని ఆవిరి లేచి ముక్కుపుటాలు మండిపోతాయి. నేను రెండో చెంబుకే బయటికొచ్చేశాను. మా ఆవిడ మాత్రం దర్జాగా కూర్చుంది.

ఎవా హిల్డెన్ అనే ఆవిడ మొదలుపెట్టిన ఫిన్లాండ్ మ్యూజియం కూడా ఉంది. ఇక మిగతా ఊరంతా చాక్లెట్ కొట్లు, శాంటాక్లాజ్ ఇల్లు, సెల్ఫీల గోల. ఇక్కడ డిసెంబరంటే నడి ఎండాకాలం. ఆ ఎర్ర కోటు తాతని తలుచుకుంటేనే జాలేస్తుంది.

స్వీడన్ వాళ్ళది ఇంకా కష్టాల కథరా. 1888లో ఇక్కడ బానిసత్వం రద్దయ్యాక పనివాళ్ళు కావాల్సొచ్చి, ఓడ ఖర్చులు ప్రభుత్వమే పెట్టుకుంటానంది. 1890, 91లలో స్వీడన్‌లో బ్రెజిల్ జ్వరమే పట్టుకుంది. ఫ్రీ టికెట్ అనగానే అనుమానించాల్సింది, గల్ఫ్ ఏజెంట్ల మాటలు విని వెళ్ళిన మన ఊరి వాళ్ళని చూశాంగా. దిగాక ఎదురైంది దక్షిణాన రియో గ్రాందే దో సుల్ అడవి, చేతిలో గొడ్డలి. 1909లో స్వీడన్‌లో జరిగిన సార్వత్రిక సమ్మె ఓడిపోయాక కిరునా గని కార్మికులు కూడా ఇటే వచ్చారు. చాలామంది నిలవలేక తిరిగి వెళ్ళిపోయారు, కొందరు నది దాటి అర్జెంటీనాలోని మిసియోనెస్‌కి పోయారు.

అందరూ అలా కాదులే. 1855లో స్వీడన్ నుంచి వచ్చిన హెర్మన్ లుండ్‌గ్రెన్ ఈశాన్యాన ఉన్న పెర్నంబుకో రాష్ట్రంలో వ్యాపారంలో నిలదొక్కుకున్నాడు. ఆ కుటుంబమే 1908లో బట్టల కొట్లు పెట్టింది. మొన్న మేం దుప్పట్లు కొన్న పెర్నంబుకానాస్ అదే! పేరు చూసి స్వీడన్ అని ఎవరనుకుంటారు?

ఐస్‌లాండ్ వాళ్ళు కూడా 1863 నుంచి పదేళ్ళలో కొద్దిమంది వచ్చి దక్షిణాదిలోని కురిటిబా నగరంలో స్థిరపడ్డారు. వాళ్ళ దేశంలో తండ్రి పేరు తగిలించుకోవడమే గానీ ఇంటిపేర్లు అరుదు. ఇక్కడికొచ్చాక వదిలొచ్చిన లోయల పేర్లే పెట్టుకున్నారు. రెయిక్‌దాల్, బార్‌దాల్ అని ఇప్పటికీ వినిపిస్తాయి. భాష పోయింది, పేరు మిగిలింది.

నీకు ఆటల పిచ్చి కదా, ఇది విను. తెరచాప పడవ పందేల్లో ఐదు ఒలింపిక్ పతకాలు కొట్టిన బ్రెజిల్ ఆటగాడు టోర్బెన్ గ్రాయెల్‌కి తల్లి తరఫు తాత డెన్మార్క్ వాడు. మేనమామలు ఆక్సెల్, ఎరిక్ కవలలు, వాళ్ళూ ప్రపంచ చాంపియన్లే. కూతురు మార్టీన్ 2016లో రియోలో, తర్వాత టోక్యోలో స్వర్ణాలు గెలిచింది. పడవల పిచ్చి ఆ ఇంట్లో ఇంకా దిగలేదు.

జూలైలో సెలవు దొరుకుతుందేమో మీ ఆఫీసులో అడుగు. అప్పుడు ఇక్కడ చలికాలం, కొండ మీద వణుకుతూ సౌనాలోకి దూరొచ్చు. స్వెటర్ తెచ్చుకో, ఆవకాయ మర్చిపోకు. పిన్నిగారికి నమస్కారాలు చెప్పు.

నీ
శ్రీను