55.89 శాతం ఎక్కడిది?

సంపాదకులకు,

శ్రీలంక అధ్యక్షుడు అనుర కుమార దిసనాయకే ఎన్నిక ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘రెండో రౌండ్‌లో గెలుపు’, ‘55.89 శాతం ఓట్లు’ అని రాస్తున్నారు. రెండూ పాఠకుణ్ని పక్కదారి పట్టించేవే.

రెండో రౌండ్ అంటే మళ్లీ పోలింగ్ అనుకుంటాం. మాల్దీవుల అధ్యక్ష ఎన్నికలో అలాగే 2023 సెప్టెంబర్ 9న ఒకసారి, 30న మరోసారి పోలింగ్ జరిగింది. శ్రీలంకలో అలా ఉండదు. 2024 సెప్టెంబర్ 21న పడిన బ్యాలెట్లనే మళ్లీ లెక్కపెట్టారు. ఓటరు ఒకరికి 1 వేసి, ఇష్టమైతే మరో ఇద్దరికి 2, 3 వేయవచ్చు. చెల్లిన ఓట్లలో సగానికి మించి ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరిని ఉంచి మిగతావారినందరినీ ఒకేసారి తప్పిస్తారు. తప్పించినవారి బ్యాలెట్లలో 2 ఆ ఇద్దరిలో ఎవరికి ఉంటే వారికి కలుపుతారు. లేకుంటే 3 చూస్తారు. అదీ లేకపోతే ఆ బ్యాలెట్ పక్కకే. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ లెక్కింపులో అడుగు నుంచి ఒక్కొక్కరినే తప్పిస్తూ రావాలి, అందుకే అంత ఆలస్యం. అక్కడ మర్నాటికే తేలింది.

చెల్లిన ఓట్లు 1,33,19,616. దిసనాయకేకు 56,34,915, సజిత్ ప్రేమదాసకు 43,63,035, మిగతావారందరికీ కలిపి 33,21,666. ఈ చివరి కట్టల్లోంచి ప్రేమదాసకు 1,67,867, దిసనాయకేకు 1,05,264 చేరాయి. దిసనాయకే మొత్తం 57,40,179 అయింది. 55.89 అన్నది ఆ ఇద్దరి ఓట్లలో ఆయన వాటా. చెల్లిన ఓట్లన్నిటిలో చూస్తే 43.1 శాతమే. గెలుపు చట్టప్రకారం సక్రమమే, పేచీ లేదు. సగానికి పైగా ఓటర్లు ఆయన్ని కోరుకున్నారనడమే తప్పు.

మిగతా బ్యాలెట్లు ఎందుకు కదల్లేదు? అక్కడ అధ్యక్ష ఎన్నికలో ఒక్కరి పేరు ఎదుట ఇంటూ గుర్తు పెట్టినా ఓటు చెల్లుతుంది. మన ఎమ్మెల్సీ బ్యాలెట్ మీద అంకె వేయకుండా ఇంటూ పెడితే చెల్లదు. పార్లమెంటు ఎన్నికల్లో పార్టీకీ, అభ్యర్థుల నంబర్లకూ ఇంటూ పెట్టడమే శ్రీలంక ఓటరుకు అలవాటు. పైగా 1982 నుంచి జరిగిన ఎనిమిది అధ్యక్ష ఎన్నికలూ మొదటి లెక్కింపులోనే తేలడంతో 2 వేయాల్సిన అవసరమే కనబడలేదు. పార్టీలు నేర్పుతాయా? ‘రెండోది ఫలానావారికి వేయండి’ అంటే తాము ఓడుతున్నామని ఒప్పుకున్నట్టే కదా!

రెండో ప్రాధాన్యం నిజంగా పనిచేస్తే ఎలా ఉంటుందో తెలుగువారికి కొత్త కాదు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో వి.వి. గిరి మొదటి లెక్కింపులో 4,01,515 దగ్గర ఆగి, బదిలీ ఓట్లతో 4,20,077కు చేరి నీలం సంజీవరెడ్డిపై గెలిచారు. బదిలీలో గిరికి 18,562 వస్తే రెడ్డికి 91,879 వచ్చాయి. అయినా గిరి సగం గీత దాటారు.

ఇకపై ఇలాంటి ఫలితం ఇచ్చేటప్పుడు మొదటి లెక్కింపు ఓట్లు, బదిలీ అయినవి, ఎవరికీ చేరకుండా ఆగినవి పక్కపక్కన అచ్చువేయండి. శ్రీలంక విషయంలో ఆ మూడో గడిలో ఉండాల్సిన అంకె 30,48,535.

– ఒక పాఠకుడు, నల్గొండ