కడియం మొక్కలు ఇప్పుడే పంపకు బావా

ఒంగోలు
అక్టోబరు మొదటి వారం

బావా,

చెల్లెమ్మా పిల్లలూ బాగున్నారా? కడియం నర్సరీలకి వెళ్తున్నాను, ఏం మొక్కలు కావాలో చెప్పు, లారీలో వేయిస్తానని ఫోన్లో అన్నావు. ఆ మాటకి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ అప్పుడు నీకు సరిగ్గా జవాబివ్వలేదు. ఇక్కడి సంగతి ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదివి, ఆ తర్వాతే నర్సరీకి వెళ్ళు.

మన ఊళ్ళో పెరడంటే ఏముంది? కాలవ నిండా నీళ్ళు, గట్టున కొబ్బరి, దాని నీడన అరటి. కొమ్మ విరిచి గుచ్చితే చిగురేస్తుంది. నీళ్ళు ఎలాంటివని ఎవరినీ అడిగే పనే పడలేదు మనకి. ఈ ఇంటికి వచ్చినప్పుడు వెనకాల అంత ఖాళీ జాగా చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. పలుగు తీసేలోపే ఎదురింటి పెద్దమ్మ గేటు దగ్గరకొచ్చి, "ఏం నాయనా, మొక్కలు పెడతావా? ముందు నీ బోరు నీళ్ళు నోట్లో పోసుకొని చూడు" అంది. పోసుకున్నాను. ఉప్పు కషాయం.

పక్కింటి మాస్టారి దగ్గర టీడీఎస్ మీటరుంది, నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపిస్తుంది. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, ఏదైనా కొలిచి చూస్తేగానీ ఒప్పుకోరు. తెచ్చి ముంచితే రెండు వేలు దాటింది. తాగే నీళ్ళకి 500 లోపు ఉండాలంటారు, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. మొక్కలకైతే ఆ రెండు వేల దగ్గరకి వచ్చేసరికి చాలా రకాలు దెబ్బతింటాయి. ఆకుల అంచులు మాడిపోతాయి, వేరు నీటిని లాగలేదు. మట్టి తడిగా ఉన్నా మొక్క దాహంతో వాడిపోతుంది. వీధిలో మిగతా బోర్లు కూడా చూశాం. పడమటి వైపు ఇళ్ళల్లో కాస్త నయం, మా వరసంతా ఒకటే. కుళాయి నీళ్ళు మంచివి. సాగర్ కుడి కాలవ నుంచి చెరువుల్లోకి నింపి ఊరికి ఇస్తారు. కానీ రోజూ రావు, వచ్చినవి తాగడానికీ వంటకీ సరిపోతాయి. వాటిని తోటకి పోస్తే ఈ వీధిలో తలెత్తుకు తిరగలేను.

ఇంకో మాట, నీకూ పనికొస్తుంది. ఆర్‌ఓ మిషను బయటికి వదిలే నీళ్ళు మొక్కలకి పోసుకోవచ్చని కొందరు చెప్తారు. మీ దగ్గర ఏమో గానీ ఇక్కడ అది తప్పు. లోపలికి వెళ్ళిన ఉప్పు దాదాపు అంతా ఆ వదిలే నీళ్ళలోనే చేరుతుంది. వాటితో బాత్‌రూము కడగడమే మేలు.

పెద్దమ్మ పుట్టిల్లు కొత్తపట్నం వైపు, సముద్రం పక్క. తోట గురించి నాకు అసలు సంగతి తెలిసింది ఆవిడ వల్లే. సాయంత్రం అరుగు మీద కూర్చుని దొరువుల గురించి చెప్పింది. అక్కడంతా ఇసుక నేలలు. కాస్త లోతు గుంట తవ్వితే చాలు, తియ్యటి నీళ్ళు ఊరతాయి. అదే దొరువు. ఆవిడ చిన్నప్పుడు రెండు చేతులా రెండు కుండలు పట్టుకొని దొరువులోకి దిగి, ముంచి, పైకొచ్చి మడికి పోసేవాళ్ళట. వంగ, మిరప, ఆకుకూరలు అన్నీ ఆ నీళ్ళతోనే. ఇంకా లోతుకి తవ్వొచ్చు కదా అని అడిగాను. "లోతుకి పోతే ఉప్పే నాయనా, పైపైనే తోడుకోవాల" అంది.

మాస్టారు దానికి కారణం చెప్పారు. వానకి ఇంకిన మంచినీరు తేలిక. సముద్రం వైపు నుంచి చొచ్చుకొచ్చే ఉప్పునీరు బరువు. అందుకని మంచినీరు పైన పొరలా నిలిచి ఉంటుంది. మోటారు పెట్టి లోతు నుంచి జోరుగా లాగితే కింది ఉప్పు పైకి లేస్తుంది. బాపట్లలోని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ దొరువునే బాగుచేసి, నేలలో గొట్టాలు పరిచి పై పొర నీళ్ళు మాత్రమే వచ్చేలా రైతులకి చూపించారు. చదువుకోని పెద్దమ్మ చేతికి తెలిసిందీ, వాళ్ళు పరిశోధన చేసి చెప్పిందీ ఒకటే. ఆ రాత్రి చాలాసేపు నాకు నిద్ర పట్టలేదు, అంత ఉత్సాహం వచ్చింది.

మా ఇంటి కింద ఇసుక లేదు, బంకమన్ను. దొరువు కుదరదు. కానీ సూత్రం అదే కదా, వాన నీళ్ళు పైనే పట్టుకోవాలి. మా మేడ సుమారు 100 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అంటే 50 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే లెక్క ప్రకారం 5,000 లీటర్లు. కొంత ఎగిరిపోయినా, కొంత కారిపోయినా మిగిలేది తక్కువేం కాదు. గొట్టం దించి రెండు డ్రమ్ములకి కలిపాను. అవి నిండాక పొంగేది బోరు పక్కన ఇంకుడు గుంతలోకి పోతుంది. గుంత తవ్వడానికి వీధి కుర్రాళ్ళే వచ్చారు. అడిగింది మాస్టారు, కాదనడం ఎవరివల్లా కాదు. ఇప్పుడు ఇంకో మూడిళ్ళ వాళ్ళు కూడా తవ్విస్తామంటున్నారు. కింద భూమికి మన గోడలు అడ్డం కాదుగా, నా ఇంట్లో ఇంకిన నీళ్ళు పక్కింటి బోరుకీ ఉపయోగమే. ఈ ఒక్క పని కోసమైనా నాకు ఈ వీధి బాగా నచ్చింది.

ఇక ఏం పెట్టానంటావా? ఆ నీళ్ళకి ఓర్చుకునేవే. గోరుచిక్కుడు ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. బీట్‌రూట్, పాలకూర కూడా ఫరవాలేదు. గోంగూర విత్తనం పెద్దమ్మ ఇచ్చింది. దాన్ని తొలకరిలోనే చల్లించింది, పొద్దు తగ్గే రోజుల్లో చల్లితే ఆకు సరిగా రాకుండానే పూతకొచ్చేస్తుందని. మామూలు చిక్కుడు ఉప్పుకి అంతగా ఓర్వదు. కానీ సంక్రాంతికి చిక్కుడుకాయ కూర లేకపోతే మా ఆవిడ ఊరుకోదు. అందుకని ఒక్క పాదుకి డ్రమ్ము నీళ్ళు మాత్రమే పోస్తున్నాను. పొద్దు చిన్నదయ్యాకే అది పూతకొస్తుంది, ఇంకా టైముంది.

నాటే పద్ధతి కూడా వేరే. బోదె, అంటే ఎత్తుగా పోసిన మట్టి కట్ట, దాని నెత్తి మీద నాటనివ్వలేదు మాస్టారు. తడి ఆరేటప్పుడు ఉప్పంతా పైకెక్కి బోదె శిఖరం మీద పేరుకుంటుంది, తెల్లగా కనిపిస్తుంది కూడా. మొక్కని పక్క వాలులో పెట్టాలి. నీళ్ళు రోజూ చిలకరించకూడదు. రెండు మూడు రోజులకోసారి నిండా పెట్టాలి, అప్పుడే ఉప్పు వేరు దాటి కిందికి దిగుతుంది. ఆకుల మీద పడకుండా మొక్క మొదలు దగ్గర పోయాలి. నేల మీద ఏదో ఒకటి కప్పాలి. ఈ జిల్లాలో శనగ బాగా పండుతుంది, శనగ పొట్టు బస్తాల్లో దొరుకుతుంది. దాన్నే పరిచాను. తడి ఆరడం తగ్గింది, ఉప్పు పైకి రావడమూ తగ్గింది. చౌడు అనగానే జిప్సం వేసెయ్యమంటారు చాలామంది. జిప్సం పనిచేసేది కారుచౌడుకి, అంటే క్షారం ఎక్కువైన నేలకి. మాది పాలచౌడు, ఉప్పు తెల్లగా పైకి తేలే నేల. దీనికి మంచి నీళ్ళతో కడగడమే మందు. ముందు మట్టి పరీక్ష చేయించుకోవాలి, ఆ తర్వాతే డబ్బు పెట్టాలి.

పొగాకు సంగతి చెప్పాలి. మూడో ఇంటి ఆయన పొగాకుని వేడితో ఆరబెట్టే బ్యారన్లలో పనిచేసి వచ్చిన మనిషి. వంగకి పేనుబంక పడితే పొగాకు కాడలు ఉడకబెట్టిన కషాయం తెచ్చిస్తానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేను మాత్రం వద్దన్నాను. అది విషమే బావా, మంచి పురుగుల్నీ చంపుతుంది, పిల్లలు తిరిగే పెరడు. వేపగింజల పొడి లీటరుకి 50 గ్రాములు రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బు కలిపి కొడుతున్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. పైగా ఒక మంచి మాట చెప్పాడు. పొగాకు పట్టుకున్న చేతులతో టమాటా మొక్కని ముట్టుకోకూడదట. ఆకు ముడతపడి మచ్చలొచ్చే మొజాయిక్ తెగులు చేతుల ద్వారా కూడా అంటుకుంటుంది. ఆయన మా పెరట్లోకి వస్తే ముందు కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంటాడు. ఎవరూ చెప్పకుండానే.

గోడ దగ్గర ఒక విషయం మాట్లాడుకోవాల్సి వచ్చింది. మునగ పెడదామని నాకు ఆశ. వెనకింటి వాళ్ళకి చిన్న పాప ఉంది, వానాకాలంలో మునగకి గొంగళిపురుగులు పట్టి గోడ దిగి వాళ్ళ వైపు పాకుతాయి, అవి తగిలితే ఒంటికి దద్దుర్లొస్తాయి. ముందే వెళ్ళి అడిగాను. వాళ్ళు మొహమాటపడ్డారు గానీ భయం కనిపించింది. అందుకని ఈశాన్యం గోడ మానేసి వీధి వైపు పెట్టాను, ఏటా కాపయ్యాక నరికేస్తానని మాటిచ్చాను. ఎలాగూ నరికితేనే మళ్ళీ బాగా కాస్తుంది. కొత్తగా వచ్చినవాడు చెట్టు పెట్టేముందు గోడవతల వాళ్ళని అడగడం చాలా అవసరమని నా నమ్మకం. చెట్టు ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఎండల గురించి నీకు తెలుసు, పేపర్లో చూస్తూనే ఉంటావు. రోహిణి కార్తెలో పడమటి గాలి తోలితే ఇక్కడ 45 డిగ్రీలు కొత్త కాదు. అప్పుడు గ్రీన్ నెట్ వేయక తప్పదు.

మరి నీ మొక్కలు. ఇప్పుడే పంపకు. మీకు వానలు జూన్‌లో మొదలై ఈపాటికి తగ్గుముఖం పడతాయి. ఇక్కడ నమ్ముకునేది ఇక ముందు వచ్చే ఈశాన్య రుతుపవనాలనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అల్పపీడనాలు, తుపాన్లు. నెల్లూరు వైపు పోయేకొద్దీ ఇది ఇంకా ఎక్కువ. గుంటలు తీసి ఉంచాను. రెండు మంచి వానలు పడి వాటిలో ఉప్పు కిందికి దిగనీ.

సపోటా ఒకటి పంపు, పాల అనే చెట్టు వేరు మీద అంటుకట్టినదే కావాలని అడుగు. ఉసిరి ఒకటి. పూలకి గన్నేరు, బోగన్‌విలియా చాలు, రంగు చెల్లెమ్మ ఇష్టం. నిమ్మ ఉప్పుకి తట్టుకోదు, కానీ పొదలకూరు, గూడూరు నిమ్మతోటలున్న సీమకి ఇంత దగ్గర్లో ఉండి ఒక్క నిమ్మచెట్టు లేకపోవడం నాకు బాధగా ఉంది. బాలాజీ రకం దొరికితే ఒకటి తీసుకో, గజ్జి తెగులుని తట్టుకుంటుంది. పెద్ద తొట్టెలో పెట్టి డ్రమ్ము నీళ్ళే పోస్తాను. గులాబీలు, అరటి పిలకలు, పోక మాత్రం వద్దు. చూస్తూ చూస్తూ చంపుకోలేను. నర్సరీలో వాళ్ళు ఇంకేదో అంటగట్టబోతే ఉప్పు నీళ్ళని చెప్పు, వాళ్ళకే అర్థమవుతుంది.

నవంబరు రెండో వారంలో వాతావరణం చూసి ఫోన్ చేస్తాను. తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం లారీ ఎక్కించకు. పెద్దమ్మ గోరుచిక్కుడు గింజలు పొట్లం కట్టి ఇచ్చింది, చెల్లెమ్మకని. ఈ కవర్లోనే పెడుతున్నాను.

ఉంటాను,
నీ బావ